సీతాబాయి బోనం, పది గంటల గోలి

అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్పే ఓ కోచింగ్ సెంటర్‌లో ఆరు గంటల బ్యాచ్ రాకముందే గదులూడ్చే సీతాబాయికి ఏడాదిగా కుడిచెయ్యి ఊరికే ఉండదు. పని చేస్తున్నంతసేపు నయమే. ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే చాలు, వేళ్లు కనపడని బీడీ చుడుతుంటాయి.

పార్కిన్సన్స్ అన్నాడు పంజగుట్ట డాక్టరు. కోడలు సంగీత గుచ్చి గుచ్చి అడిగితే ఓపిగ్గా చెప్పాడు. మెదడులో కాపలా కణాలుంటాయి, చెత్త ఎత్తేది అవే. ఈ జబ్బులో అవి రేగిపోయి, చల్లారక, కదలికలు నడిపే మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయట. మొదటి తప్పు వాటిదేనా అన్నది ఇంకా తేలలేదట.

"ఊడ్చేటోళ్లే ఇల్లు కూలగొడుతున్నరా సారూ? పనిలకెల్లి తీసేయరాదు?" అంది సీతాబాయి.

"తీసేస్తే చెత్త ఎవరెత్తుతారమ్మా? వాటిని శాంతపరిచే మందు ఇంకా రాలేదు. ఈ గోలి వణుకు తగ్గిస్తుంది, అంతే. వేళ తప్పొద్దు."

కాపురానికొచ్చిన నాటినుంచి బల్కంపేట ఎల్లమ్మకు సీతాబాయి బోనం ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారీ తన నెత్తిమీదే మోయాలని పట్టు. పదింటికి గోలి పడితే మధ్యాహ్నం దాకా కాళ్లు మాట వింటాయి.

బోనాలనాడు తొమ్మిదిన్నరకు వాకిట్లో డప్పు మోగింది. ముఖానికి పసుపు రాసుకుని కూర్చున్న సీతాబాయి చెయ్యి ఎన్నడూ లేనంతగా ఊగింది. పక్కింటి చిలకమ్మ అది చూసి పసుపునీళ్లు చల్లి, చేతిలో వేపకొమ్మ పెట్టింది.

"అమ్మ ఒంటిమీదికొచ్చింది."

"అమ్మ గాదు చిలకక్కా, నా జబ్బు."

"నేనే అమ్మనని అమ్మ ఎన్నడన్న ఒప్పుకుంటదా?"

జనం మూగారు. "తల్లీ, నా కొడుక్కు సాఫ్ట్‌వేర్ల నౌకరి వస్తదా?" అని ఒకామె అడిగింది.

"నేను గా క్లాసులు ఊడుస్తనే, పాఠం చెప్ప."

పది దాటింది. గోలి పట్టుకుని సంగీత తోసుకొస్తుంటే, "అమ్మకు గోలీలేంది?" అని చిలకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సీతాబాయి కాళ్లు కొయ్యబారాయి, దవడ బిగిసింది. ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుంది.

"గోలి ఇయ్యుండ్రి."

"అమ్మ అడుగుతుంది, ఇయ్యుండ్రి," అంది చిలకమ్మ. సంగీతకు దారి విడిచారు.

ముప్పావుగంటకు వేళ్లు నెమ్మదించాయి. అందరూ చేతులు జోడించారు. "అమ్మ శాంతించింది."

సీతాబాయికి ఒళ్లు మండిపోయింది. "గోలితోటి తగ్గింది చిలకక్కా."

"అవు తల్లీ. నువ్వడిగినవు, మేమిచ్చినం."

సంగీత బోనం అందిస్తే సీతాబాయి నెత్తికెత్తుకుని కదిలింది. బజారంతా ఆమె కాళ్లమీద బిందెలతో నీళ్లు పోస్తున్నారు. ఎడమచేత్తో ఒక్కొక్కరినీ జరుపుతూ విసుక్కుంది.

"జర జరుగుండ్రమ్మా, రెండింటికి మళ్లొక గోలి ఏసుకోవాలె."