హుల్డా పెద్దమ్మ, పోర్టు తొట్టిలో గంట

సముద్రాలు దాటొచ్చిన జర్మన్లు కట్టుకున్న మా రోజెన్‌బాక్‌కి చరిత్రంటూ ఉందంటే అది హుల్డా పెద్దమ్మ నోటి చలవే. పాస్టరు దగ్గర ఊరి పుట్టుకలూ చావులూ రాసిన పుస్తకాలున్నాయి గానీ, వాటిని చదివి నవ్వినవాడు ఇంతవరకూ లేడు. వరదొచ్చిన సంవత్సరం పీపాలు పగిలి వాగంతా వైన్ పారిందనీ, ఊరి బాతులన్నీ తాగి చర్చి మెట్లమీద దొర్లాయనీ, పాస్టరు ఆ ఆదివారం వాటికే ప్రసంగం చేశాడనీ పెద్దమ్మ చెబుతుంటే ఆ బాతుల్ని మనమే అదిలిస్తున్నట్టుంటుంది. మా అమ్మకు స్వయానా అక్క. పెళ్ళి చేసుకోలేదు. చలికాలంలో ద్రాక్షతీగలు కత్తిరించేది, ఎండాకాలంలో ద్రాక్షాకులు వేసి దోసకాయలు ఊరబెట్టేది, ఏడాది పొడుగునా మాట్లాడేది.

అన్ని కథల్లోకీ ఆమెకు ముద్దైంది గంట కథ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ పేరు వినబడితే చాలు, ఇక్కడి సర్కారుకు ఒళ్ళు మండేది. మా చర్చి గంటను కరిగించడానికి సిపాయిలు వస్తున్నారని పుకారు పుట్టింది. పెద్దమ్మ వాళ్ళ తాత ట్రౌగాట్ రాత్రికి రాత్రి గంటను దింపి తన పోర్టు వైన్ తొట్టిలో ముంచేశాడట. సిపాయిలు వచ్చారు, ఊరంతా వెతికారు, చివరికి ఆ తొట్టిలోంచే ముంచుకుని తాగి పాటలు పాడుకుంటూ పోయారు. యుద్ధం అయ్యాక పైకి తీస్తే గంటకు మత్తు దిగలేదట. ఇప్పటికీ దాని మోత కాస్త తూలుతుందని పెద్దమ్మ ఒట్టేసి చెబుతుంది. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

నవ్వనివాడు ఒక్కడే, ఎర్విన్ ఓబ్స్ట్. ఊరి బ్యాండుకు పెద్ద. ట్యూబా ఊదుతాడు. ఊదేటప్పుడు బాకా తప్ప మనిషి కనబడడు. గంట కథ మొదలైతే చాలు, తన బూట్లకేసి చూస్తూ కూర్చుంటాడు. పెళ్ళాం పోయి చాలా ఏళ్ళయింది. అలాంటివాడు, నా పెళ్ళి కుదిరిన ఏడాది చలికాలంలో, అరవయ్యారేళ్ళ మా పెద్దమ్మను పెళ్ళాడమని అడిగాడు.

పెద్దమ్మ చెంపలు పదహారేళ్ళ పిల్ల చెంపల్లా ఎర్రబడ్డాయి. నేను పక్కనే ఉన్నాను. అంత సిగ్గులోనూ ఊరుకుంటుందా?

"చేసుకుంటాగానీ, గంట మా తాత తొట్టిలోనే ఉందని నలుగురిలో చెప్పు."

"అది మాత్రం అడక్కు హుల్డా."

"ఏం, ఎందుకడక్కూడదు?"

"అడక్కు, అంతే."

"అయితే నన్నూ అడక్కు!"

ఇంటికొచ్చి ఆ కోపమంతా క్యాబేజీమీద చూపించింది. తరిగి తరిగి, ఇక తరగడానికేమీ మిగలక ఏడ్చింది. నాకు ఎర్విన్ మీద ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది? పెద్దమ్మకు ఆయనంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఈ పంతంతో ఇద్దరూ చెరో ఇంట్లో ఒంటరిగా ముసలివాళ్ళయిపోతారని నా భయం.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లో ఈకలు ఒలవడం పెట్టుకున్నాం. వసంతంలో నా పెళ్ళి. నా పరుపుకూ దిళ్ళకూ బాతు ఈకలు ఒలవాలి. బల్లచుట్టూ ఆడవాళ్ళం, మధ్యలో తెల్లటి గుట్ట. అక్కడ తుమ్మకూడదు, గట్టిగా నవ్వకూడదు, అన్నిటికన్నా ముందు తలుపు తియ్యకూడదు.

తలుపు తెరుచుకుంది.

"తలుపు! తలుపూ!" అని అందరం అరిచాం. ఎర్విన్ గబుక్కున లోపలికొచ్చి మూశాడు. ఒంటిమీద నల్లకోటు, మీసంమీద అప్పుడే వాలిన ఈక.

"మళ్ళీ అడగడానికొచ్చాను హుల్డా."

పెద్దమ్మ ఈకమీంచి కళ్ళెత్తలేదు. "చెబుతావా మరి?"

"నిన్ను చేసుకోవడం కోసం కూడా అబద్ధం చెప్పలేను."

"అబద్ధమా?" పెద్దమ్మ లేచి నిలబడింది. "మా తాత అబద్ధాలకోరా?"

ఆయన నోరు తెరిచేలోపే ఇంటిచుట్టూ పిడుగులు పడ్డట్టయింది. కిరసనాయిలు డబ్బాలు, నాగలి కర్రులు, బాణలి మూతలు, ఎవరిదో ట్రాంబోను బాకా. డబ్బాల మోత! మా ఊళ్ళో పెళ్ళికి ముందు స్నేహితులు వచ్చి ఇలా వాయిస్తారు. జంట కలిసి బయటికొచ్చి వైన్ పోసేదాకా ఆపరు. తీరా చూస్తే, ఎర్విన్ నల్లకోటు వేసుకుని వీధినపడి పోతుంటే బ్యాండువాళ్ళు చూశారట. ఆ కోటు చావుకో పెళ్ళికో తప్ప బయటికి రాదు. ఊళ్ళో ఎవరూ చావలేదు. ఇంకేముంది, డబ్బాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పెళ్ళికూతుర్ని నేను, మోత ఆవిడకి!

పెద్దమ్మ విసురుగా తలుపు బార్లా తీసింది. నా పరుపు మొత్తం గాల్లోకి లేచింది. ఆ తెల్లటి తుఫానులోంచి ఆమె బయటికి నడిచింది, వెనకాలే ఎర్విన్ పరిగెత్తాడు. జంట కలిసి వచ్చేసింది కదా అని వాళ్ళు ఈలలు వేశారు.

"ఆపండెహె! పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. ముందు ఇది చెప్పండి. యుద్ధంలో మన గంట ఎక్కడుంది?"

డబ్బాలు ఆగిపోయాయి. ఇరవైమంది మగాళ్ళూ తమ బూట్లకేసి చూసుకున్నారు. ఆఖరికి డ్రమ్ము వాయించే రైన్‌హోల్డ్ జ్వార్ టోపీ తీశాడు.

"పందుల దొడ్లో ఉందక్కా. ఎర్విన్ వాళ్ళ తాత పేడకింద పూడ్చాడు. మీ తాత నిచ్చెన పట్టుకున్నాడు."

"నీకెలా తెలుసు?"

"ఊరందరికీ తెలుసక్కా."

పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఆ క్షణాన రైన్‌హోల్డ్ పీక పిసకాలనిపించింది నాకు.

"మరి ఇన్నేళ్ళూ నన్ను వాగనిచ్చి నవ్వుకున్నారా?"

"అయ్యో, కథకి నవ్వాం గానీ నీకు కాదక్కా! ఎవడైనా నోరు జారితే బ్యాండులోంచి పీకేస్తానన్నాడు. బళ్ళో చదువుకునేప్పుడైతే తంతానన్నాడు. నన్ను తన్నాడు కూడా."

"ఎవడు?"

"ఇంకెవడు? నీ వెనకాల నిలబడ్డాడే, వాడు!"

పెద్దమ్మ తిరిగి చూసింది. ఎర్విన్ నెత్తినిండా ఈకలు, పొదుగుతున్న కోడిలా నిలబడ్డాడు.

"బళ్ళో ఉన్నప్పట్నించా?"

"ఏం చెయ్యను హుల్డా? నీ కథలో గంట పాటలు పాడుతుంది. మా తాత కథలో కంపు కొడుతుంది."

పెద్దమ్మకు నవ్వొచ్చింది, దానివెంటే ఏడుపొచ్చింది, ఏది ఆపాలో తెలియక రెండూ కానిచ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. తర్వాత, గౌనుకు కొంగుండదు కాబట్టి, ఎర్విన్ కోటు చేతికే కళ్ళు తుడుచుకుని, గుంపుకేసి గర్జించింది.

"ఒరేయ్ రైన్‌హోల్డ్, అలా గుడ్లప్పగించి చూస్తావేంరా? లోపల పోర్టు సీసాలున్నాయి, పట్రా. ముందు ఈయనకి పొయ్యరా."