సొన అంటిన చెవి

రిటైర్మెంటుకు ముందు నా చివరి పోస్టింగు నూజివీడు దగ్గర ఒక పశువైద్యశాల. కరోనా సద్దుమణిగాక వచ్చిన మామిడి సీజనులో, వీధి పిల్లులకు ఆపరేషన్లు చేసే పని నాకు అప్పగించారు. గేదెల డాక్టరుకు పిల్లులేంటని మా ఇంట్లో ఒకటే నవ్వు.

పద్ధతి చెప్తాను. పిల్లిని బోనులో పట్టి, మత్తిచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేస్తాం. ఆ మత్తులోనే ఎడమ చెవి కొనను అడ్డంగా, తిన్నగా కోస్తాం. తేరుకున్నాక పట్టినచోటే వదులుతాం. వీధి పిల్లి చేతికి చిక్కదు కాబట్టి దాన్ని దూరం నుంచే గుర్తుపట్టాలి. లేకపోతే ఒకసారి కోసిన పొట్టనే మళ్లీ కోస్తాం.

రత్తయ్య గారి మామిడి షెడ్డులో ఎలుకల పుణ్యమా అని పిల్లులకు లోటు లేదు. వాటికి రోజూ అన్నం పెట్టేది అక్కడ కాయలు ఏరే సామ్రాజ్యం. మేం బోన్లు పెట్టిన రోజు ఒక బూడిదరంగు పిల్లిని చూపించి, "దీనికి ఎవరో ముందే చేసేశారండీ, చెవి చూడండి" అంది. చెవి పొట్టిగానే కనిపించింది. వదిలేశాం.

కొన్ని వారాలకు ఆ పిల్లి గడ్డిలో పిల్లల్ని పెట్టింది. రత్తయ్య గారు ఫోన్ చేసి మండిపడ్డారు. మా ఆపరేషన్లన్నీ బూటకమనీ, పిల్లులన్నిటినీ సంచుల్లో కట్టి విస్సన్నపేట వెళ్లే లారీ ఎక్కించేస్తాననీ అన్నారు. నేను వెళ్లేసరికి గోనెసంచులు సిద్ధంగా ఉన్నాయి. సామ్రాజ్యం కళ్లనీళ్లతో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. 

తల్లిపిల్లిని బోనులోకి రప్పించి చూశాను. మేం కోసిన చెవి అంచు పల్చగా ఉంటుంది. దీని అంచు మందంగా, నల్లగా మెరుస్తోంది. ఇది ఎక్కడ పడుకుంటుందని అడిగితే, తొడిమ తుంచిన కాయల్ని సొన కారడానికి బోర్లించే బల్ల కింద అని సామ్రాజ్యం చెప్పింది. సొన అంటకుండా ఆమె చేతులకు రాసుకునే నూనె అడిగి, దూది తడిపి, బోను ఊచల మధ్య నుంచి చెవికి అద్దాను. కాస్త నానాక, ఎండిన సొనకు మడతపడి అతుక్కుపోయిన కొన టక్కున లేచి నిలబడింది. నిండు చెవి!

షెడ్డంతా నవ్వులే. "మా మామిడే మమ్మల్ని బురిడీ కొట్టించిందండీ" అంటూ రత్తయ్య గారు సంచులు మడతపెట్టించారు.

పిల్లలు పాలు మానాక తల్లికి ఆపరేషను చేసి, చెవి నిజంగానే కోశాం. "ఇది నూనె రాస్తే లేవదు కదండీ?" అని సామ్రాజ్యం నన్ను ఆటపట్టించింది.

దూరం నుంచి చూడడానికి పెట్టిన గుర్తే అయినా, మామిడి సీజనులో దగ్గరికెళ్లి చూడాలి. రిటైరయ్యేదాకా నా మందుల సంచిలో నూనె సీసా ఉండేది.