పాత పోగు లేని పడుగు

సహోదరులారా, సహోదరీలారా, నన్ను కట్టుకున్నవాడు చేసిన అప్పుకు నా కడుపున పుట్టిన బిడ్డను ఇంకొకరి ఇంటికి పంపవలసిన దినం ఒకటి నా బ్రతుకులో వచ్చింది, ఆ దినాన్ని దేవుడు ఎట్లా తిప్పివేశాడో ఈ విరుదునగరం కూటంలో చెప్పమని అయ్యగారు నన్ను లేపి నిలబెట్టారు. ఆలయంలో మనం పాడేది అరవంలో, జపం చేసేది అరవంలో, కానీ కడుపులోని మాట చెప్పాలంటే నాకు ఇంటి తెలుగు తప్ప నోరు తిరగదు, అది కొంచెం అరవపు వాసన కొట్టినా ఓర్చుకోండి.

ఇప్పుడు నన్ను సారమ్మ అంటున్నారు, అప్పుడు నా పేరు రామక్క. మాది కోవిల్‌పట్టిలో నేతగాళ్ళ వీధి, తెల్లవారి మిల్లు సంగు కూత పెడితే మా మగవాళ్ళు మగ్గం గుంటల్లోకి దిగేవారు. మా వీధిలో ఆడది మొగుడి పేరు నోట పలకదు, నేనైతే పలకగలను, ఆయన నన్ను విడిచిపోవడం వల్ల నాకు దొరికిన ఒకే ఒక లాభం అది: గురవయ్య. చెయ్యి తిరిగిన నేతగాడు, ఆ మాట కాదనను, కానీ మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె కావాలి ఆయనకు. సంతకు పోతే కోడిపందెం, పండుగ వస్తే పట్టు ఉత్తరీయం, చేతిలో లేకపోతే నూలిచ్చే మొదలాళి దగ్గర ముందుగా పుచ్చుకోవడం. ఆ మొదలాళి నూలు పంపుతాడు, మేము చీర నేసి ఇస్తాము, కూలిలో అప్పు కింద కొంత పట్టుకొని మిగిలింది చేతిలో పెడతాడు, అదీ మా వీధి బ్రతుకు.

కడకు గురవయ్యకు ఇంకొక ఆమె మీద మనసు పోయింది. మాలో తెగతెంపులకు కోర్టు అక్కరలేదు, చావిడిలో పెద్దలు కూర్చుంటారు, మొగుడూ పెళ్ళామూ ఒక గడ్డిపోచను చెరొక కొసా పట్టుకొని తుంచితే అంతటితో సరి. ఆ దినం నా చేతిలో మిగిలిన సగం పోచ చూసుకుంటూ నిలుచున్నాను, ఏడుపు కూడా రాలేదు. మా వీధి పెద్దయ్య, ఆయన మాటకు ఎదురు లేదు, అందరూ వినేటట్టు చెప్పాడు: "పుల్ల తెగె, పొందు తెగె. వాని కడను వానితోనే పోవు. బిడ్డ నీది, ఇల్లు నీది, పో తల్లీ." కడను అంటే మా వీధిలో అప్పు; ఆ మాట విని, పోనీలే, మొగుడు పోయినా అప్పు కూడా పోయింది గదా అని ఇంటికి వచ్చాను. గురవయ్య తూత్తుకుడి పోయి కొలంబు ఓడ ఎక్కేశాడు.

ఇంట్లో గింజ లేదు. నా బిడ్డ లచ్చుమి ఆకలికి ఏడ్చి ఏడ్చి, ఏడవడం మాని మూలకు ముడుచుకుంది. మగ్గం మీద గురవయ్య సగం నేసి విడిచిన చీర ఉంది. మా వీధి ఆడవాళ్ళు కండెలు చుడతారు, పడుగుకు గంజి పెడతారు, గుంటలో మాత్రం దిగరు. నేను దిగాను. పుట్టినప్పటి నుంచి చూసిన పని, చెయ్యి దానంతట అదే ఆడింది, ఆ చీర పూర్తి చేసి కోసుకొని మొదలాళి ఇంటికి పోయి కూలి అడిగాను. ఆయన చీరను అటు తిప్పి ఇటు తిప్పి, ఎవరు నేశారని అడిగాడు. నేనే అన్నాను. ఆయన నవ్వాడు. "గుంటలో కాలు పెడితివి గదమ్మా. ఇంక ఆ మగ్గం మీద ఉండే కడనంతా నీది."

మా వీధి కట్టుబాటు అది, నాకు తెలియనిది కాదు, ఆకలిలో తోచలేదు అంతే. అప్పు మనిషి మీద ఉండదు, మగ్గం మీద ఉంటుంది, గుంటలో ఎవరు కూర్చుంటే వాళ్ళది. పరుగున చావిడికి పోతే పెద్దయ్య తల వంచుకున్నాడు. "మొదలాళి నూలు మగ్గం మీద ఉండేదాకా సావిడి పలకరాదమ్మా" అన్నాడు. పోచ తెంపింది పెళ్ళిని, మగ్గాన్ని కాదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కోడిపందెం ఆడింది ఆయన, బాకీ నాది అయింది.

సహోదరీలారా, అప్పటినుంచి నేను నేసిన చీరలు పరిస్తే ఇక్కడినుంచి కోవిల్‌పట్టి దాకా నడిచిపోవచ్చు! కూలిలో సగం పైగా మొదలాళి పట్టుకునేవాడు, అయినా ఆ అప్పు ఎండాకాలంలో కూడా ఎండలేదు. లచ్చుమికి జ్వరం వస్తే మందుకు ఆయన దగ్గరే పుచ్చుకున్నాను, అది గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. నేను మొక్కని మొక్కు లేదు, ఎక్కని గుడి మెట్టు లేదు. ఇట్లా ఉండగా ఒకనాడు మొదలాళి కొత్త పడుగు గంపలో పెట్టి పంపిస్తూ నన్ను పిలిచి చెప్పాడు: "ఈ సీర నేసి తెచ్చేటప్పుడు బిడ్డనూ తోడుకొని రా. మా ఇంట్ల కండెలు చుట్టుకొని ఉండనీ. కడను తీరినంక తోడుకొని పో." మొదలాళుల ఇళ్ళకు అట్లా పోయిన ఆడపిల్లలు తిరిగి రావడం మా వీధిలో ఎవరూ చూడలేదు. పాచిపనికి, గొడ్ల పనికి, ఇంకా నేను ఆలయంలో నోరు విప్పి చెప్పలేని వాటికి వాళ్ళ బ్రతుకు తెల్లారిపోయేది. ఆ మాట విన్నప్పటినుంచి, చీర అయిపోతే బిడ్డ పోతుందని మెల్లగా నేసేదాన్ని, మెల్లగా నేస్తే తినడానికి లేదు.

ఆ దినాల్లోనే జ్ఞానమ్మ అక్క మా వీధికి వచ్చింది. ఆమె విధవరాలు, తెల్ల చీర కట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు ఏసు వేదం చెప్పేది, పిల్లలకు అక్షరాలు నేర్పేది. అందరూ తలుపులు వేసుకున్నారు. నేను గుంటలో ఉన్నాను, లేచి తలుపు వేసే తీరిక నాకు లేదు, అందుకని ఆమె లోపలికి వచ్చింది. దేవుడు నన్ను పట్టుకున్నది అట్లాగు, నా భక్తి వల్ల కాదు! పరుల అప్పును తన మీద వేసుకొని తీర్చిన దేవుడు ఒకడున్నాడని ఆమె అరవంలో చెప్పింది. "ఆ మాట మొదలాళితో సెప్పుమను అక్కా" అన్నాను. ఆమె కోపగించుకోలేదు, నవ్వి నా పక్కన కూర్చొని కండె చుట్టబోయి నూలంతా చిక్కు చేసింది. ఆ చిక్కు తీసుకోవడానికి నాకు పూటంతా పట్టింది, అయినా నాకు ఆమె మీద మనసు నిలిచింది, ఎందుకంటే గురవయ్య పోయిన తరువాత నా పక్కన వచ్చి కూర్చున్న మొదటి మనిషి ఆమెయే.

ఆమె నాకు జపం నేర్పింది, కానీ నేను చేసింది జపం కాదు, పోట్లాట. పోగు దూర్చే నాడె అటూ ఇటూ ఆడిస్తూ ఇట్లా అడిగేదాన్ని: "ఏసు సామీ, నీకు తెలుగు వచ్చునో రాదో నాకు తెలవదు. వాండు తిన్న కూటికి నేను ఎందుకు చెయ్యి కడగాలా? నా బిడ్డ ఎవరికి ఏమి బాకీ? నువ్వు ఉండేది నిజమైతే నన్ను ఈ గుంటలోనుంచి లేపు. లేపలేకపోతే నా ఇంటికి రాబోకు." ఇట్లాంటి జపానికి దేవుడు పిడుగు వేయకుండా చెవి ఒగ్గాడంటే, సహోదరులారా, ఆయన ఓర్పు ఎంతటిదో చూడండి!

చీర అయిపోవచ్చింది. మీలో నేతపని తెలియనివాళ్ళు ఉంటారు, ఒక్క మాట చెప్పాలి. మగ్గానికి అచ్చు అని ఒకటి ఉంటుంది, దువ్వెన మాదిరి, పడుగు పోగులన్నీ దానిలో దూరి వస్తాయి. చీర కోసేటప్పుడు మేము ఆ పోగులను పూర్తిగా లాగివేయము, అచ్చులో పాత కొసలు అట్లాగే ఉంచి, కొత్త పడుగు పోగును ఒక్కొక్క పాత కొసకు అతుకుతాము. పని సులువు అవుతుందని మొదలు పెట్టిన పద్ధతి అది, పోను పోను భయం అయింది. అచ్చు ఒట్టిదైతే ఆ ఇల్లు ఒట్టిదవుతుందని, తాళి లేని మెడతో సమానమని మా వీధిలో నమ్మకం. ఒట్టి అచ్చును మా తాత చూడలేదు, ఆయన తాత చూడలేదు.

ఆ పొద్దున చీర కోసి, మొదలాళి ముందుగానే పంపిన తరువాతి పడుగు గంప దగ్గరకు లాక్కొని, వేళ్ళకు బూడిద రాసుకొని అతకడానికి కూర్చున్నాను. ఎప్పటి మాదిరే పోట్లాడుతూ, ఈ అప్పును నా మెడకు కట్టింది ఎవరు సామీ అని అడుగుతున్నాను. పాత కొస ఒక చేతిలో ఉంది, కొత్త పోగు ఇంకొక చేతిలో ఉంది. నా వేళ్ళు అక్కడే నిలిచిపోయాయి. గురవయ్య కొలంబులో ఉన్నాడు, మొదలాళి ఆయన ఇంట్లో ఉన్నాడు, మరి ఈ ముడి వేస్తున్నది ఎవరు? నేనే గదా! నూలు మగ్గం మీద ఉండేదాకా చావిడి పలకరాదన్నారు, మగ్గం మీద నూలు లేకుండా పోకూడదని పడుగు పడుగుకూ నా చేతులతో నేనే కట్టుకుంటున్నాను. వడ్ల గింజలో బియ్యపు గింజ, అయినా అంతకాలం నాకు కనబడలేదు. ఆకాశంనుంచి శబ్దం వచ్చిందని నేను చెప్పను, ఆ వేళకు వినబడింది మిల్లు సంగు ఒక్కటే, కానీ నా కళ్ళు తెరిచింది దేవుడేనని నా బిడ్డ మీద ఆన పెట్టి చెబుతాను.

కళ్ళు తెరుచుకున్నా చెయ్యి ఆడలేదు, భయం. పెద్దలు నా పక్షం పలకకపోతే కూలి పోతుంది, బిడ్డా పోతుంది, పైగా అచ్చు ఖాళీ చేసిన పాపిష్ఠిదాన్ని ఊరు ఉండనివ్వదు. అప్పుడు చేసిందే నా మొదటి నిజమైన జపం: "సామీ, అచ్చు ఒట్టిదైతే ఇల్లు ఒట్టిది అయిపోతుందంట. నువ్వు ఉండే ఇల్లు ఒట్టిది ఎట్లయితుంది?" ఆ మాట నా నోటినుంచే వచ్చింది, విని నేనే ఆశ్చర్యపోయాను. లచ్చుమిని పిలిచాను, అది ఒక పక్క, నేను ఒక పక్క కూర్చొని, అచ్చులోనుంచి పాత కొసలన్నీ గుప్పెడు గుప్పెడుగా లాగివేశాము. దాని గుండా ఎదుటి గోడ కనబడింది.

ఆ అచ్చును నెత్తిన పెట్టుకొని, చీర చంకన పెట్టుకొని, మొదలాళి గంపను లచ్చుమి చేతికిచ్చి, నడివీధిలో నడిచాను. ఆడవాళ్ళు పిల్లలను లోపలికి లాక్కున్నారు. చావిడిలో పెద్దల ముందర అన్నీ దించి, ఇప్పుడు పలకండి అని నిలుచున్నాను. మొదలాళికి కబురు పోయి ఆయన వచ్చాడు. పెద్దయ్య వంగి, ఒక్క పోగైనా ఉందా అని ఆ అచ్చును ఈ కొసనుంచి ఆ కొస దాకా చూశాడు. తరువాత నోరు తెరిచాడు: "వాని కడను వానితో పోవాలని ఆ పొద్దు సెప్పింది ఈ నోరే. నూలు ఉండి నా నోరు కట్టె. ఈ ఆడబిడ్డ నూలు తీసె. మొదలాళీ, నీ నూలు గంపలో ఉండాది, నీ సీర ఈడ ఉండాది. ఇంక ఈమె కాడ నీది ఏమి ఉండాది?"

బాకీ కింద అచ్చు తనదన్నాడు మొదలాళి. ఎత్తుకొని పొమ్మన్నాడు పెద్దయ్య. ఆయన వంగి చెయ్యి చాపాడు, ఒట్టి అచ్చు, దాన్ని ముట్టి ఇంటికి తీసుకుపోవాలి గదా, చాపిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు! నా బిడ్డను తోడుకొని పోతానన్నవాడు నా అచ్చును ముట్టలేకపోయాడు. గంపా చీరా తీసుకొని వెనక్కు చూడకుండా వెళ్ళిపోయాడు, చావిడి చావిడంతా నవ్వింది. ఏ భయంతో నన్ను అన్నేళ్ళు కట్టాడో అదే భయంతో దేవుడు ఆయనను తరిమివేశాడు, హల్లెలూయా!

తరువాత కోవిల్‌పట్టిలో నాకు నూలిచ్చేవాళ్ళు లేరు. జ్ఞానమ్మ అక్క మమ్మల్ని ఈ ఊరికి తీసుకువచ్చింది, మిరపకాయ మండీల ఘాటుకు లచ్చుమీ నేనూ నెలంతా తుమ్మాము. ఈ సంఘపు తల్లులు పిడికెడు బియ్యం కానుక అమ్మి నాకు మొదటి నూలు కొనిచ్చారు, వాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. ఆ ఒట్టి అచ్చులో ఒక్కొక్క పోగూ కొత్తగా దూర్చాము. బాప్తిస్మం పొందాను. ఈ దినం మా ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నాయి, లచ్చుమి మన ఆడపిల్లల బడిలో ఉపాధ్యాయురాలు, దేవునికే మహిమ!

ఇంతటితో నిలిపివేద్దునా అనుకున్నాను, నిలిపితే అది సగం సాక్ష్యం. పోయిన వేసవిలో గురవయ్య కొలంబునుంచి వచ్చి నా గుమ్మం ముందు నిలుచున్నాడు. మీసాలకు నూనె లేదు, మీసాలే సరిగ్గా లేవు, దగ్గుతున్నాడు. మొదలాళి మనుషులు వెదుకుతున్నారని, పోయే చోటు లేదని చెప్పాడు. నా చేతిలో గరిటె ఉంది, దానితో ఒకటి వేద్దామని నాకు అనిపించింది, నేను దేవదూతను కాను. గంజి పోసి, నంజుకోవడానికి ఉల్లిగడ్డ పెట్టి ఇచ్చాను. తాగి, తల వంచుకొని, "నీకు నేను ఎంత బాకీ పడినానో రామక్కా" అన్నాడు. "పుల్ల తెగింది తెగిందే గురవయ్యా" అన్నాను, "గంజి తాగు. నా కాడ నీ పేరున ఒక పోగూ లేదు." సహోదరులారా, అచ్చులో కొసలు లాగడం కంటే ఆ మాట గొంతులోనుంచి లాగడం నాకు కష్టమైంది, దాన్ని లాగింది కూడా దేవుడే.

ఆయన ఇప్పుడు ఈ ఆలయం బయట అరుగు మీద కూర్చున్నాడు, లోపలికి రావడానికి సిగ్గు. ఆయనకు వినబడాలనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎవరో తవ్విన గుంటలో కూర్చొని, ఎవరి బాకీనో మోస్తూ, పాత కొసకు కొత్త దినాన్ని అతుకుతూ బ్రతికేవాళ్ళు ఈ కూటంలో ఉంటే, తానే చేసుకున్న అప్పుకు తాను దాక్కునేవాడు ఆ అరుగు మీద ఉంటే, నన్ను లేపిన చెయ్యి మిమ్మల్నీ లేపుతుంది, భయపడకండి, లోపలికి రండి. రేపు మా మగ్గం మీద కొత్త పడుగు ఎక్కుతుంది. వచ్చి మీ వేళ్ళతో తడిమి చూడండి, దానిలో పాత పోగు ఒక్కటి కూడా దొరకదు.