చెయ్యి లేపే పాట

కోఠిలో ఫుట్‌పాత్ మీద ఆ సీడీ కొన్నప్పుడు అట్ట మీది ఇద్దరు మనుషులు ఎవరో నాకు తెలియదు. ఇప్పటికీ పెద్దగా తెలియదు. ఎక్కడో చలిదేశం వాళ్లు. తబలా, హార్మోనియం ఏమీ లేకుండా మిషన్లతోనే పాటలు కట్టేవాళ్లట. ఏళ్ల తరబడి కట్టిన పాటల్లో జనం బాగా చిందులేసినవి ఏరి ఒక్క సీడీలో పెట్టామని అట్ట మీద ఇంగ్లిష్‌లో రాసి ఉంది. నేను పాటల కోసం కొనలేదు. అమ్మేవాడు చెప్పిన మాటకు కొన్నాను.

"డీజే పెట్టేటోళ్లంత గిదే తీస్కపోతరు భాయ్. నీ డబ్బాల ఏం రోగముందో గీ సీడీ చెప్తది."

నిజమే చెప్పాడు. అందులో మొదటి పాట చాలా సన్నగా మొదలవుతుంది. చెరువు గట్టున కీచురాయి అరిచినట్టు ఒక సన్నని చప్పుడు, కాసేపు అదొక్కటే. ఆ తర్వాతే గుండె మీద గుద్దినట్టు లావు చప్పుడు వచ్చి పడుతుంది. సన్న చప్పుడు పైన ఉండే చిన్న స్పీకర్లలోంచి మాత్రమే వస్తుంది. వాటి లోపలి కాయిల్ కాలిపోతే ఆ కీచురాయి వినిపించదు. మా ఊరు ఖేడ్ చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లికి స్పీకర్ బాక్సులు కట్టినా, బరాత్ ఊరేగింపు కదిలే ముందు ఆ పాట పెట్టి చూసేవాళ్లం. ఒక్క తెలుగు మాట లేని ఆ పాట చివరిదాకా ఎవరూ వినలేదు. లావు చప్పుడు పడగానే ఆపేసి, పెళ్లివాళ్లు అడిగిన పాటలు పెట్టేవాణ్ని.

చూసే పద్ధతి ఒకటుండేది. జనరేటర్ మోతలో కేకేసినా మాట అందదు. అందుకని మా అన్న వెళ్లి వీధి చివర నిలబడేవాడు. నేను బండి దగ్గర బటన్ నొక్కేవాణ్ని. కీచురాయి చప్పుడు అక్కడిదాకా అందగానే అన్న చెయ్యి లేపేవాడు. చెయ్యి లేచిందంటే అంతా బాగున్నట్టే.

అన్నది కూలి పని. నేను బస్టాండ్ దగ్గర క్యాసెట్లలో పాటలు నింపే చిన్న దుకాణం పెట్టుకుని కూర్చున్న కాలంలో ఆయన ఎండాకాలం రాగానే సిర్గాపూర్ వాళ్లతో కలిసి హైదరాబాద్ వెళ్లి ఇటుకలు మోసేవాడు. నేను బాక్సులు కొన్నాక ఒకరోజు అన్నాను.

"పట్నం పోవుడెందుకన్నా? నా బండెక్కు. ఇంటికాడ ఉన్నట్టుంటది, ఐతారం ఐతారం చర్చికి పోయినట్టుంటది."

చర్చి మాటకే ఆయన ఒప్పుకున్నాడు. అది నాకు తెలిసే అన్నాను. మిషనరీ దొరల కాలం నుంచి మా ఇంటివాళ్లు చర్చికి వెళ్తున్నా, మాలో పాట అబ్బింది అన్న ఒక్కడికే. డోలక్ ముందు పెట్టుకుని మొదటి చరణం ఆయనే ఎత్తుకోవాలి. గొంతు గొప్పదేమీ కాదు. కానీ ఆయన వినేవాడు. వెనక వరసలో ముసలమ్మలు పాట అందుకోలేక ఆయాసపడుతుంటే, ఎవరికీ తెలియకుండా పాటను ఒక మెట్టు కిందికి దించేవాడు. పిల్లలు తొందరపడి ముందుకు ఉరికితే డోలక్‌ను నెమ్మది చేసి వెనక్కి లాగేవాడు. పట్నంలో ఇటుకలు మోసే మనిషికి వారంలో ఆ గంటసేపే ఒక హోదా. పట్నానికి పోయినన్నాళ్లూ ఆయనకు లేనిది అదే.

బండి మీద అన్నకు నేనిచ్చిన చోటు గురించి చెప్పాలి. డీసీఎం లారీ వెనక భాగంలో బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్లతో కడతాం. మా రోడ్లకు తాళ్లు చాలవు. గుంతలో బండి పడితే పై బాక్సు ముందుకు ఒరుగుతుంది. కాబట్టి ఒక మనిషి బాక్సులకు వీపు ఆనించి నిలబడాలి. ఆ మనిషి చేతిలోనే పొడుగాటి కట్టె ఉంటుంది. సందుల్లో కిందికి వేలాడే కరెంటు తీగలను దానితో పైకి లేపాలి. నేను వెనక తెర చాటున మిక్సర్ దగ్గర ఉంటాను. అక్కడికి వచ్చే మోత తక్కువ.

మొదటి పెళ్లికి ఆ చోట నేనే నిలబడ్డాను. మర్నాడంతా నా చెవుల్లో ఈల మోగింది. అన్నం తింటుంటే నమిలే చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. రెండో పెళ్లికి కట్టె అన్న చేతికిచ్చాను. ఈల సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత ఎన్ని బరాత్‌లు తిరిగామో. పెళ్లిళ్లు, గణేశ్ నిమజ్జనాలు, బోరంచ పోశమ్మ జాతరకు వెళ్లే బండ్లు, గెలిచిన లీడర్ల ఊరేగింపులు. జాతర బండి మీద అన్నను చూసి చర్చి వాళ్లు నవ్వేవాళ్లు.

"ఏందే, ఐతారం ఏసయ్య, మంగళారం పోశమ్మనా?"

"ఇద్దరు కూడ మంచిగనే సూస్కుంటున్రు నన్ను, మీకేం పరేషాన్?" అనేవాడు అన్న.

అప్పటికింకా వాళ్ల మాటలు ఆయనకు మామూలుగానే వినిపించేవి.

కొన్నేళ్లకు వీధి చివర అన్న చెయ్యి లేవడం ఆలస్యమైంది. మొదట గమనించింది నేనే. కీచురాయి మొదలైనా చెయ్యి లేవదు. లావు చప్పుడు పడబోయే ముందెప్పుడో లేస్తుంది. కాయిల్ పోతోందనుకున్నాను. జహీరాబాద్‌లో బాక్సులు బాగుచేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లి కొత్త కాయిల్స్ వేయించాను. మళ్లీ అంతే. రెండోసారి తీసుకెళితే ఆయన బాక్సు తెరిచి చూసి, పక్కవాళ్లతో నవ్వాడు.

"కొత్త కాయిలే గద భాయ్. గిది మంచిగుంది. మీ ఖేడ్‌ల చెవులే ఖరాబైనయ్ గంతే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు దారిలో ఆ నవ్వు నాతో రాలేదు. ఆ మాట జోకు కాదని సగం దారిలోనే నాకు అర్థమైంది. అయినా ఊరికి వచ్చాక నేను చేసిన పని ఏమిటంటే, అన్నకు వినిపించేలా సన్న చప్పుడు పెంచాను. చెయ్యి మళ్లీ టైముకు లేచింది. నాకు తృప్తిగా అనిపించింది. ఆ పెంచిన చప్పుడు ముందే ఆయన సాయంత్రమంతా వీపు ఆనించి నిలబడతాడన్నది తెలిసి కూడా ఆలోచించలేదు.

వదిన ఒకరోజు పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చింది.

"మీ అన్నకు ఇనొస్తలేదు. ఎన్కకెల్లి పిలిస్తే పలుకుతలేడు. జర దవాఖానకు తోల్కపో."

"పెండ్లాం పిలిస్తే మొగోడు ఎన్నడు పలికిండు వదినా?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వదిన నవ్వలేదు. "గా డబ్బాల ముంగటన్న నిలవెట్టకు మరి," అని వెళ్లిపోయింది. పెళ్లిళ్ల సీజన్ నడుస్తోంది. తర్వాత చూద్దామనుకున్నాను. నా జీవితంలో చాలా తప్పులు ఆ 'తర్వాత' కింద దాచినవే.

ఒక ఆదివారం చర్చిలో పాట ముగిసింది. అందరూ ఆగారు. డోలక్ ఆగలేదు. అన్న కళ్లు మూసుకుని ఇంకో చరణం ఎత్తుకున్నాడు. ఆయన గొంతు ఒక్కటే, పెద్దగా, శ్రుతి లేకుండా మోగింది. ముందు కూర్చున్న పిల్లలు కిసుక్కుమన్నారు. వదిన వెళ్లి ఆయన భుజం తట్టింది. కళ్లు తెరిచి, ఆగిపోయిన మొహాలన్నీ చూసి, చేతులు డోలక్ మీద అలాగే పెట్టి ఉంచాడు. ప్రార్థన అయ్యాక పాస్టర్ మెల్లగా చెప్పాడు.

"ఇగ జర రెస్ట్ తీస్కో అన్నా. పిలగాండ్లకు నేర్పుకోనియ్యి."

మెల్లగా చెప్పింది అన్నకు వినిపించలేదు. పాస్టర్ మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ మాట చర్చంతా విన్నది. అన్న డోలక్ తాడు సవరించి, బట్ట కప్పి, గోడకు ఆనించి వచ్చాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

ఆ వారమే సిర్గాపూర్ దగ్గర ఒక పెళ్లి. మధ్యాహ్నం ఎండలో బాక్సులు కట్టాం. అన్న ఎప్పటిలాగే వీధి చివరికి నడిచాడు. పాట పెట్టి చూసినప్పుడల్లా అప్పటికి చెయ్యి సమయానికే లేస్తోంది, నేను చప్పుడు పెంచినందుకే అనుకుంటున్నాను. కానీ ఆదివారం చూశాక అనుమానం వచ్చింది. సీడీ పెట్టాను. వేలు బటన్ దాకా తీసుకెళ్లాను. నొక్కలేదు. నొక్కినట్టు తల మాత్రం ఊపాను.

వీధి చివర అన్న చెయ్యి లేపాడు.

జనరేటర్ మోత తప్ప అక్కడ ఇంకే చప్పుడూ లేదు. చెయ్యి అలాగే గాలిలో ఉంది. ఆయన నా వేలు చూసి చెయ్యి లేపుతున్నాడు. ఎంతకాలంగానో నాకు తెలియదు. పెళ్లికొడుకు బాబాయి నా పక్కకొచ్చి, "జల్దీ కానియ్యి, ముహూర్తం పోతది," అన్నాడు. అప్పుడు నేను చేయాల్సిన పని ఒకటే. బండి మీది కట్టె నేను తీసుకుని, ఆయన్ను ఇంటికి పంపాలి. కానీ ఆయన దిగితే ఆ చోట నిలబడాల్సింది నేను. ఆ చోటు ఏం చేస్తుందో మొదటి పెళ్లి నుంచే నాకు తెలుసు.

"బరాబరుంది," అని పెళ్లివాళ్లతో అన్నాను. బటన్ నొక్కాను. అన్న వచ్చి బండెక్కి బాక్సులకు వీపు ఆనించాడు. సీజన్ అయిపోయేదాకా ఆ చోటనే ఉన్నాడు.

వానలు పడ్డాక వదిన పోరు పడలేక హైదరాబాద్‌లో చెవుల దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడ అద్దం పెట్టిన చిన్న గదిలో అన్నను స్టూలు మీద కూర్చోబెట్టి చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. అద్దం ఇవతల మిషన్ ముందు కూర్చున్న అమ్మాయి సైగలతో చెప్పింది: చప్పుడు వినిపిస్తే చెయ్యి లేపు.

అన్నకు ఆ పని తెలుసు. కొంచెం నవ్వాడు కూడా. అమ్మాయి మిషన్ మీద వేలు కదపగానే చెయ్యి లేపాడు. మళ్లీ కదిపింది, మళ్లీ లేపాడు. ఆమె నన్ను చూసింది, మిషన్ చూసింది. లేచి వెళ్లి, స్టూలును గోడ వైపు తిప్పి, అన్న వీపు మాకు ఉండేలా కూర్చోబెట్టి వచ్చింది.

తర్వాత ఆమె వేలు చాలాసేపు కదిలింది. అద్దంలోంచి నాకు కనిపించేది అన్న వీపు, మోకాలి మీద పెట్టిన చెయ్యి. బాక్సులకు ఆనించి ఆనించి ఆ చొక్కా వెనక భాగం అరిగిపోయి ఉంది. చెయ్యి లేవలేదు. లేస్తుందని ఎదురుచూస్తూ నా చెయ్యే కొంచెం లేచింది. అది చూసుకుని దించుకున్నాను.

డాక్టర్ కాగితం చూసి, "ఎప్పటి నుంచి?" అన్నాడు.

"ఈ మధ్యనే సార్," అన్నాను.

"ఈ మధ్య కాదు," అన్నాడు ఆయన, తలెత్తకుండా. "మొదట్లోనే ఆ మోత నుంచి తప్పించి ఉంటే ఉన్నదైనా మిగిలేది. పోయింది ఇక రాదు."

అన్న నా మొహం చూస్తూ కూర్చున్నాడు. నేనేం చెప్పానో నా పెదాలను బట్టి తెలుసుకున్నాడో లేదో నాకు తెలియదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. జోగిపేట దాటాక సీటు దొరికింది. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియక, బస్సంతా వినేలా అన్నాడు.

"గా సిర్గాపూర్ దినం నువ్వు బటన్ ఒత్తలే. నాకెరుకే తమ్మీ."

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. మరి ఎందుకు చెయ్యి లేపినవన్నా, అని అడగాలి. బండి మీదికెల్లి దింపేస్తే మళ్లీ పట్నం పోవాలని భయపడ్డాడా? లేక నేనేం చేస్తానో చూద్దామని లేపాడా? ఆ మాట ఆయనకు వినిపించాలంటే బస్సులో అందరి ముందూ అరవాలి. నేను అరవలేదు. ఆయన చేతి మీద చెయ్యి వేశాను. ఆయన తీసేయలేదు, పట్టుకోనూ లేదు.

ఇంకా సిగ్గుపడాల్సింది చెప్పకుండా ఆపితే ఇదంతా రాసి లాభం లేదు. బండి అప్పుడు కూడా ఆపలేదు. ఆ చోట ఇంకో మనిషిని నిలబెట్టి ఇంకో సీజన్ నడిపాను. ఆ మనిషికి చెవుల్లో పెట్టుకోను దూది ఇచ్చాను. అన్నకు అది కూడా ఇవ్వలేదు. తెలంగాణ వచ్చిన ఏడాది బాక్సులు అమ్మేశాను. అదీ పశ్చాత్తాపంతో కాదు, పెద్ద బండ్లు వచ్చి నా బేరం పడిపోయినందుకు. సీడీ మాత్రం ఎవరూ అడగలేదు. అందులో ఆ ఇద్దరి పాటల్లో మంచివే ఉన్నాయి, చెడిపోయినవి లేవు. నేనూ చాలాకాలం నా కథ అట్లాగే ఏరి చెప్పుకున్నాను. బస్టాండ్ దుకాణం, సొంత బండి, చుట్టూ పది ఊళ్లలో పేరు. అన్నను అందులోంచి తీసేసి.

బస్సులో అడగని ఆ ప్రశ్న మా మధ్య అట్లాగే ఉంది. ఇప్పుడు చుట్టూ మోత లేదు, జనం లేరు, కాగితం మీద రాసి చూపించినా చాలు. అయినా అడగలేదు. జవాబు ఆ రెండింట్లో ఏదైనా నేను తట్టుకోలేను.

ఆదివారాలు చర్చిలో అన్న కిటికీ పక్కన చివర కూర్చుంటాడు. నేను ఆయన పక్కనే కూర్చుంటాను. ముందువరస వాళ్ల పెదాలు చూస్తూ పాటతో పాటు నోరు కదుపుతాడు. గొంతు బయటికి రానియ్యడు. చివరి చరణం వస్తుందనగా, అందరికంటే ఒక మాట ముందే నోరు మూసేస్తాడు.