నాలుగు మూలల పసుపు

గుమాస్తాగా రిటైరై రామకోటేశ్వరరావు గారు గుణదలలో స్థిరపడ్డాక, ఆ వీధిలో లక్కీ డ్రా కూపన్ నింపడమనే పనికి శాస్త్రమర్యాద వచ్చింది. కూపన్ వెనక చీమల బారులా ఉండే నిబంధనలన్నీ చదివాకే ఆయన పెన్ను మూత తీసేవారు. గడికొక అక్షరం, నీలం సిరా, కొట్టివేతలు కూడదు. ఇంతటి నిష్ఠాపరుడికి దేవుడు చేసిన అన్యాయం ఒక్కటే: ఆయన పేరు ఏ కూపన్ గళ్ళలోనూ పట్టదు. అందుకే ఇంటి కూపన్లన్నీ కూతురు సింధూరి పేరున వెళ్ళేవి.

ఈ దసరాకి బీసెంట్ రోడ్డులో ఓ బట్టల షాపువాళ్ళు మొదటి బహుమతిగా స్కూటర్ పెట్టారు. నిడమానూరులో ఉద్యోగానికి బస్సుకు వేలాడుతూ వెళ్ళే సింధూరి, అంతకుముందే ఫుట్‌బోర్డు మీంచి జారిపడి, మోకాలు చీరుకుపోయి కుంటుతూ ఇల్లు చేరింది. ఆయన స్కూటర్ మాట పైకి ఎత్తలేదు గాని, ఆ కూపన్‌ని మాత్రం ఎప్పటికన్నా నిదానంగా నింపారు.

డ్రా రోజున షాపువాళ్ళు, పెద్దవారని ఆయన్నే స్టేజీ ఎక్కించి, కళ్ళకు కొత్త తువ్వాలు కట్టారు. ఆయన పెట్టెలోంచి ఒక కూపన్ తీసి, కట్టు విప్పుకుని చూశారు. తన దస్తూరీయే. సింధూరి పేరే. నాలుగు మూలలా పసుపు.

పెళ్ళి శుభలేఖైనా, పిల్లల పుస్తకమైనా మూలలకు పసుపు అద్దనిదే ఆయన భార్య కనకలక్ష్మి గడప దాటనివ్వదు. నింపిన కూపన్‌ని దేవుడి దగ్గర పెట్టి, పెట్టెలో వేసి రమ్మని కూతురికిచ్చింది ఆవిడే. ఏడో నిబంధన ఆయనకు కంఠతా వచ్చు: కూపన్‌పై ఏ గుర్తులున్నా చెల్లదు.

"పేరు చదవండి బాబాయిగారూ!" మేనేజరు సిద్ధార్థ మైకు అందించాడు.

"ఇది చెల్లదయ్యా. గుర్తులున్నాయి."

"పసుపేగదండీ! శుభం. ఎవరడుగుతారు?"

"ఏడోది చదువు."

"మీరు భలేవారండీ, అవన్నీ ఊరికే అచ్చు వేయించినవి."

"వేయించారా లేదా?"

"పెద్దాయనా, డ్రా తీస్తావా, పురాణం చెప్తావా?" జనంలోంచి ఎవరో అరిచారు.

ఆయన ఆ కూపన్‌ని మడవకుండా పక్కన పెట్టారు. మడవరాదని మూడో నిబంధన. మళ్ళీ కళ్ళకు కట్టించుకున్నారు. ఈసారి పక్కింటి శౌరమ్మ పేరు వచ్చింది. అదీ ఆయన నింపిందే.

ఇంట్లో సంగతంతా విని కనకలక్ష్మి, "తీసిన చేత్తోనే తోసేశారన్నమాట!" అంది. కాసేపటికి పసుపంటిన తన వేళ్ళవంక చూసుకుంది. "నావల్లే పోయిందాండీ?"

"నీవల్ల వచ్చింది. నిబంధన వల్ల పోయింది."

సింధూరి మర్నాడు అదే బస్సెక్కింది. ఆయన రోడ్డు దాకా వెంట వెళ్ళి, బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.

కార్తీకంలో ఇంకో షాపు కూపన్ వచ్చింది. నిబంధనలన్నీ రెండుసార్లు చదివి, ఆయన భార్యను పిలిచి పెన్ను చేతికిచ్చారు.

"దీనికి పెట్టవే పసుపు. పెన్ను గురించి వాళ్ళేమీ రాయలేదు."