తాగింది తినడం కాదుగా!

మా వదిన బస్టాండులో మైకు మనిషి. పెద్ద హాలు మూలన అద్దాల గది, అందులో ఓ కుర్చీ, ఓ మైకు, గరగరలాడే ఫ్యాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికొచ్చిందో ఆవిడ చెప్పాలి, జనం మూటాముల్లె సర్దుకుని పరిగెత్తాలి. అదే హాల్లో పార్సిల్ కౌంటరు దగ్గర నేను కూర్చుంటాను. అంటే ఇంట్లోనూ వదిన మాటే వినాలి, డ్యూటీలోనూ వదిన మాటే వినాలి. ఆడపడుచుకి ఇంతకంటే శిక్ష ఉంటుందా?

అలాంటి వదిన గొంతు ఉన్నట్టుండి మొరాయించింది. ముందు బొంగురుపోయింది, తర్వాత నత్తనడక పట్టింది. "ప్రయాణికులకు... విజ్ఞప్తి... మూడో..." అని ఆవిడ ఊపిరి తీసుకునేలోపు బస్సు గేటు దాటేసేది. "ప్లాట్‌ఫాం" అనేసరికి జనం అక్కడికి చేరి, అది వదిలిన పొగ పీల్చుకుని తిరిగొచ్చేవాళ్లు. అందరూ చెమటలు కక్కుతుంటే ఈవిడ స్వెట్టరు తొడుక్కుని ఫ్యాను కట్టేసేది. కుర్చీలోనే కునుకు తీసేది. ఓ రోజు ఓ పెద్దాయన అద్దం తట్టి, "అమ్మా, ఇందాక మైకులో మాట్లాడినాయన ఏడీ?" అని అడిగాడు.

"ఇప్పుడే బయటికెళ్లారండీ" అంది వదిన, అదే గొంతుతో.

పెద్దాయన రెండడుగులు వెనక్కేశాడు.

మేనేజరుకి మాత్రం నవ్వు రాలేదు. "ఏమ్మా, నువ్వు బస్సుల్ని పిలుస్తున్నావా, వాటికి సంతాపం చెబుతున్నావా? ఇలాగైతే రికార్డింగు మెషిను తెప్పిస్తా. నువ్వెళ్లి స్టోరు రూంలో కూర్చో" అన్నాడు.

వదిన మొహం మాడిపోయింది. ఆ మైకంటే ఆవిడకి ప్రాణం. ఇంట్లో ఆవిడ చెప్పేదాంట్లో మా అన్నయ్య సగం కూడా వినడు. ఇక్కడ హాలు హాలంతా చెవులు రిక్కించి వింటుంది మరి!

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. రక్తం పరీక్ష చేయించి, "థైరాయిడ్ మందకొడిగా పనిచేస్తోంది" అంది.

"మనిషి మొత్తం మందకొడిగానే ఉందండీ" అన్నాను.

"నువ్వు... కాస్త... నోర్ముయ్" అంది వదిన. అది అనడానికీ ఆవిడకి బోలెడు సేపు పట్టింది.

యాభై డోసు మాత్ర రాసిచ్చి, "పొద్దున్నే పరగడుపున వేసుకోండి. నిదానంగా పనిచేస్తుంది. ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేద్దాం" అంది డాక్టరమ్మ.

ఆరు వారాలైనా ఏమీ కదల్లేదు. డెబ్బై అయిదు చేసింది. ఊహూ.

"రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్కరోజు కూడా మానలేదండీ."

"వేసుకునే ముందు ఏమైనా తింటున్నారా?"

"ఏమీ తిననండీ, ఒట్టు!"

డాక్టరమ్మ నిట్టూర్చి వంద చేసింది. అయినా వదిన మళ్లీ స్వెట్టరూ, కునుకూ.

ఇంతలో మా గ్యాసు పొయ్యి చెడిపోయింది. బాగుచేసేవాడు రేపంటాడు, రేపొస్తే ఎల్లుండంటాడు. బయట తింటూ ఎలాగో వారాలు నెట్టుకొచ్చాం. ఆ రోజుల్లోనే వదినకి రెక్కలొచ్చాయి. స్వెట్టరు పోయింది, నిద్ర పోయింది, నత్త కూడా పోయింది. మైకు నొక్కితే చాలు, "నాలుగో ప్లాట్‌ఫాం మీద బస్సు సిద్ధం ఎక్కండెక్కండి చంటిపిల్లల తల్లులు ముందు గొడుగాయనా నిన్నేనయ్యా!" అని ఒకే ఊపిరిలో. జనం పడుతూ లేస్తూ వెళ్లి చూస్తే అక్కడ బస్సు లేదు, ఓ కుక్క పడుకుని ఉంది. బస్సేమో వాళ్లు తిట్టి తిట్టి అలిసిపోయాక తీరిగ్గా వచ్చేది.

ఇంట్లో ఇంకా ఘోరం. అన్నయ్య నోరు తెరవకముందే, "అదేం కుదరదు!" అని విరుచుకుపడేది.

"నేనింకా ఏమీ అనలేదే!"

"అంటారుగా!"

పాపం, చేతులు వణికేవి. గుండె దడదడ కొట్టుకునేది. అది మాత్రం మాకెవరికీ నవ్వులాట కాలేదు.

మేనేజరు తల పట్టుకున్నాడు. "నిన్నటిదాకా వెళ్లిపోయిన బస్సుని పిలిచావు. ఇప్పుడు రాని బస్సుని పిలుస్తున్నావు. మధ్యలో ఉన్న బస్సు అని ఒకటుంటుందమ్మా! మెషినుకి ఆర్డరు పెట్టేశా. అదొచ్చాక ఇద్దరి చేతా చెప్పించి వింటా. దానికంటే బాగా చెబితే ఉండు, లేకపోతే లేదు."

మళ్లీ రక్తం పరీక్ష, మళ్లీ డాక్టరమ్మ. రిపోర్టుని అటూ ఇటూ తిప్పి చూసి, "అదే వంద డోసు అప్పుడు చాల్లేదు, ఇప్పుడెక్కువైంది. ఇంట్లో ఏం మారింది?" అంది.

"ఏమీ మారలేదండీ" అంది వదిన.

"పొయ్యి పాడైంది" అన్నాను నేను.

"పొయ్యికీ మాత్రకీ ఏంటే సంబంధం?"

"పొయ్యి లేకపోతే పొద్దున్నే కాఫీ ఎక్కడిది వదినా? ఇప్పుడు మాత్ర మంచినీళ్లతో మింగుతున్నావుగా!"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అంతకుముందు దేంతో మింగేవారు?"

"కాఫీతోనండీ. వెచ్చగా సర్రున జారిపోయేది."

"పరగడుపున అన్నానుగా!"

"పరగడుపేనండీ!" వదినకి రోషం వచ్చింది. "తిన్నారా అనడిగారు, తినలేదన్నాను. తాగింది తినడం కాదుగా!"

డాక్టరమ్మ భుజాలు కదిలేలా నవ్వింది. కాఫీతో మింగితే మందు సరిగ్గా ఒంటికి పట్టదనీ, ఉత్త నీళ్లతోనే వేసుకుని గంటాగి కాఫీ తాగాలనీ చెప్పి, డోసు డెబ్బై అయిదుకి దించింది.

పొయ్యి బాగైంది, కానీ ఆ గంట గడవడమే గగనమైపోయింది. వదిన కాఫీ గిన్నె ముందు కూర్చుని గడియారాన్ని గుడ్లురిమి చూసేది. అన్నయ్య పక్కనే జుర్రుమంటే, "మెట్ల మీదికెళ్లి తాగండి!" అని తరిమేది. పాపం, ఆయన రోజూ పక్కింటివాళ్ల చెప్పుల మధ్య కూర్చుని తాగేవాడు.

వారాలు గడిచేకొద్దీ గుండెదడ తగ్గింది, చేతుల వణుకు పోయింది. అప్పుడొచ్చింది మెషిను. మేనేజరు హాలు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తేనెలో ముంచి తీసినట్టున్న గొంతు, "ఐదవ ప్లాట్‌ఫారము నందు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అంది. టైము ప్రకారం అది సిద్ధంగానే ఉండాలి మరి. జనం పరిగెత్తారు. బస్సు లేదు. మేనేజరు మెషిను వంక చూసిన చూపు అంతకుముందు వదిన మీద చాలాసార్లు పడినదే.

వదిన తొందరపడలేదు. బస్సు మలుపు తిరిగింది, లోపలికొచ్చింది, ఆగింది. అప్పుడు నొక్కింది మైకు. "అయిదో ప్లాట్‌ఫాం మీదికి బస్సొచ్చింది. నిదానంగా ఎక్కండి, అందరికీ చోటుంది."

జనం సంచులు తీసుకుని నడిచి వెళ్లి ఎక్కారు. నేను కౌంటర్లో ఒకటే పార్సిలుని మళ్లీ మళ్లీ తూస్తూ కూర్చున్నాను.

మేనేజరు అద్దాల గది తలుపు తీసి, "గొంతింకా కాస్త బొంగురుగానే ఉందే?" అన్నాడు.

"అది పుట్టుకతో వచ్చిందండీ. దానికి మాత్ర లేదు."

ఆయన మీసం కదిలింది. "సరే, ఇక్కడే కూర్చోమ్మా" అన్నాడు.

ఆ మాట పూర్తి కాకముందే వదిన రెండో ప్లాట్‌ఫాం బస్సుని పిలిచేసింది. మళ్లీ తొందరేనా అనుకున్నాను. కౌంటరు మీంచి వంగి తొంగిచూశాను.

బస్సు ఉంది.