దాడికి గడ్డం మొలిచినప్పుడు

మా చెల్లెలి కూతురికి దొరక్క దొరక్క దొరికిన పని ఒక్క అక్షరం వల్ల పోయేదే. తప్పు పిల్లది కాదని ఆనాడే అన్నాను, ఇవాళ్టికీ అదే అంటాను. మరి ఎవరిదయ్యా అంటే నా జవాబు కొంచెం పొడుగు. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉన్న కాలం నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు నాది పలక పట్టే వయసు. అచ్చులు అయిపోయి హల్లులు సగంలో ఉండగా సరిహద్దు జరిపారు. మేము ఎక్కడికీ కదలలేదు, మా ఊరు మాత్రం వేరే రాష్ట్రంలో తేలింది. తెలుగు అయ్యవారు ఆ పక్కకు బదిలీ చేయించుకుని వెళ్లిపోతే ఆయన కుర్చీలోకి తమిళ వాత్తియారు వచ్చాడు. మంచి మనిషి, పాఠం బాగా చెప్పేవాడు, ఆయన మీద నాకే కోపమూ లేదు. అక్షరాల మధ్యలో పిల్లల్ని వదిలేసి, వీళ్లేమైపోతారని వెనక్కి తిరిగి చూడని పెద్దలందరి మీదా ఉంది. అది ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మిగిలిన అక్షరాలు తిరుత్తణి బస్టాండులో నేర్చుకున్నాను. ఆంధ్రా బస్సుల బోర్డులే నా వాచకం. నగరి, పుత్తూరు, మదనపల్లె. డ్రైవరు టీ తాగి వచ్చేలోపు గుణింతం పట్టుకోవాలి, లేకపోతే పాఠం బయల్దేరి వెళ్లిపోతుంది. పెద్దయ్యాక రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకుని, గిరాకీ లేని పూట చేతికందిన తెలుగు పుస్తకమల్లా చదివాను. ఎవరూ చెప్పిపెట్టలేదు, ఎవరూ మార్కులు వేయలేదు. అందుకని నా తెలుగంటే నాకు కొంత పొగరు. ఉంటే ఉండనీ.

మా మేనకోడలికి ఆ పిచ్చి లేదు. ఆర్.కె.పేట దగ్గర పల్లెలో పెరిగింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగులో గలగలా మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరం చూపిస్తే, "ఇదేమి మామా, జాంగిరి చుట్టినట్టుండాది" అంటుంది. పెళ్లయి పిల్లలు కాస్త ఎదిగాక, కంపెనీ వ్యానెక్కి ఫోన్లు బిగించే ఫ్యాక్టరీకి వెళ్లేది. ఒకరోజు ఆ లైను మూసేశామని చెప్పి అందరినీ ఇంటికి పంపేశారు.

ఆ తర్వాత దొరికిందే ఈ సైబర్ సెక్యూరిటీ పని. తిరువళ్లూరు పక్క ఒక ఇంజనీరింగు కాలేజీ, ఫిన్లాండు దేశంలోని ఒక యూనివర్సిటీ కలిసి పరిశోధన పెట్టుకున్నాయి. ఫోన్లు చేసి జనాన్ని భయపెట్టి దోచుకునేవాళ్లు ఏ మాట తర్వాత ఏ మాట వాడుతున్నారు, ఎక్కడ భయపెడుతున్నారు, ఎక్కడ బుజ్జగిస్తున్నారు, అదంతా రెండు దేశాలవాళ్లూ కలిసి చదువుతారు. మోసపోయినవాళ్లు ఇచ్చిన రికార్డింగులు విని, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టడానికి ఇక్కడి మనుషులు కావాలి. డిగ్రీ అక్కర్లేదు, ఊరి మాట వస్తే చాలన్నారు. ఒక పూట కంప్యూటరు నేర్పి, రెండో పూట పని చేయిస్తారు. నేర్చుకుని నిలబడితే అక్కడే ఉద్యోగం. మా పిల్ల అందులో చేరింది. ఫోను లోపలి మరలు బిగించినదాన్ని, ఇప్పుడు లోపలి మాటలు వింటా ఉండానని మురిసిపోయింది.

విన్నది విన్నట్టే రాసింది. కాకపోతే తనకు వచ్చిన తమిళ అక్షరాల్లో రాసింది. ఆ లిపిలో 'త'కూ 'ద'కూ ఒకటే అక్షరం, 'క'కూ 'గ'కూ ఒకటే. చదివేవాడు సందర్భం చూసి పలుక్కోవాలి. రికార్డింగులో దొంగ వెధవ, "మీ ఫోను మీద సైబర్ దాడి జరిగింది, పోలీసులు బయల్దేరినారు" అన్నాడు. ఈమె 'దాడి' అని రాసింది. మద్రాసులో కూర్చుని దాన్ని ఇంగ్లీషు చేసే అబ్బాయి 'తాడి' అని చదివాడు. తమిళంలో తాడి అంటే గడ్డం. సైబర్ గడ్డం జరిగిందని ఇంగ్లీషులో రాసి ఫిన్లాండుకు పంపేశాడు. వాళ్లు పద్ధతైన మనుషులు. నవ్వి ఊరుకోలేదు. గడ్డం అనేది మీ ప్రాంతంలో కొత్తరకం దాడా, ఎలా చేస్తారు, వివరంగా రాయండని తిరిగి అడిగారు.

కాలేజీలో ఈ పరిశోధన చూసే ప్రొఫెసరమ్మది తిరువళ్లూరే, ఇంట్లో తమిళం. మా పిల్లను ఇక రికార్డింగుల దగ్గర కూర్చోవద్దని చెప్పిందని తెలిసి, మర్నాడే ఆ పిల్లతో పాటు నేనూ బస్సెక్కి వెళ్లాను. తమిళంలోనే మాట్లాడుకున్నాం.

"ఐయా, తప్పెవరిదని నేను అడగటం లేదు. ఇక్కడ ఒక మాట తప్పుపోతే అక్కడ వాళ్లు దాని మీదే మేడ కట్టేస్తారు. తెలుగు రాసేవాళ్లను హైదరాబాదు నుంచి తీసుకుందామని అనుకుంటున్నాం" అంది ఆమె.

"హైదరాబాదువాళ్లకు మా యాస తెలుస్తుందామ్మా?"

"తెలియకపోవచ్చు. 'ద' రాయటం తెలుసు కదా."

న్యాయమైన మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు, అన్యాయమైన మాటలతోనే నాకు తీరిక ఉండదు. "తెలుగక్షరాల్లో రాస్తే ఉంచుకుంటారా?" అని అడిగాను. వానలు తగ్గాక ఫిన్లాండు నుంచి ఒక పరిశోధకురాలు వస్తోంది, ఆమె ముందు ఒక రికార్డింగు రాసి చూపిస్తే ఉంచుతామంది. రాయలేకపోతే లేదు. మా పిల్ల నా వైపు చూసింది. "నేర్పిస్తావా మామా?" అంది.

మర్నాటి నుంచే మొదలుపెట్టాం. నాకు తెలిసిన బడి ఒకటే, అక్కడికే తీసుకెళ్లాను. బస్సు బోర్డు ముందు నిలబెట్టి చదవమంటే వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. వెనకనుంచి కండక్టరు వచ్చాడు.

"యాడికి పోవాలక్కా?"

"యాడికీ లేదన్నా. చదువుకుంటా ఉండాము."

"చదువుకునేదైతే ఎక్కి కూచోని చదువుకో. సీట్లన్నీ ఖాళీగానే ఉండాయి గదా!"

'త'నూ 'ద'నూ విడదీయడానికి గొంతు మీద వేళ్లు పెట్టుకోమన్నాను. త అంటే గొంతు ఊరుకుంటుంది. ద అంటే లోపల సన్నగా అదురుతుంది, ఎర్తు సరిగా లేని రేడియోలో గుయ్యిమని వచ్చే చప్పుడులాగా. "ఓ, హమ్మింగా! అట్ల చెప్పు మామా" అంది. అంతే, దొరికిపోయింది. ఇక ఎక్కడ కూర్చున్నా గొంతు పట్టుకుని గొణుక్కునేది. గొంతునొప్పి అనుకుని మా చెల్లెలు మిరియాల కషాయం కాచి ఇచ్చింది.

అసలు గొడవ అక్షరాలు వచ్చేశాక పుట్టింది. కాలేజీ రికార్డింగులు ఇంటికి తేకూడదు. అందుకని మా చెల్లెలు ఫోనులో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని రాయమన్నాను. 'యాడుండావు, బిల్లు కట్టినావా లేదా' అని రాసింది. నేను 'ఎక్కడ ఉన్నావు, బిల్లు కట్టావా లేదా' అని దిద్దాను.

"అమ్మ అట్ల అనలేదు గదా మామా."

"అనకపోతేనేం, రాయాల్సింది అది."

"రాయాల్సింది రాసేదానికి నేనేమన్నా పంతులమ్మనా? అన్నది రాసేదే గదా నా పని."

"ఆ విదేశీ ఆమె ముందు యాడ, గీడ అని పెడతావా? మనకు చదువు లేదనుకుంటారు."

"అనుకోనీ. పుస్తకంలో ఉండేటట్ల మాట్లాడేవాళ్లు మనూళ్లో ఎవురుండారో చూపించు, వాళ్లు మాట్లాడేది కూడా రాస్తా."

"అయితే నీకు నా అవసరం లేదు" అని లేచిపోయాను. అవసరం లేదనలేదు ఆ పిల్ల. మర్నాడు మామూలు బస్సుకే వచ్చింది, ఇంటి ముందు కూర్చుని, "ఒత్తులు మాత్రం చూడు మామా, మాటల జోలికి పోవద్దు" అంది. వాళ్లమ్మ నోటి నుంచి నా చెవిన ఎన్నోసార్లు పడిన గొంతే అది. ఒత్తులు చూశాను. మాటల జోలికి పోకుండా ఉండటం ఎంత కష్టమో దిద్దే అలవాటున్నవాళ్లకే తెలుసు.

పరీక్ష రోజున నన్ను లోపలికి రానివ్వాల్సిన పని లేదు. అయినా వెళ్లాను. నోరు తెరవనని మాటిస్తే మూల కుర్చీలో కూర్చోండంది ప్రొఫెసరమ్మ. ఫిన్లాండు ఆమె నడివయసు మనిషి, ఇంగ్లీషు మాకోసం నిదానంగా మాట్లాడింది. పేర్లూ నంబర్లూ తీసేసిన రికార్డింగు ఒకటి పెట్టింది. మా పిల్ల హెడ్‌ఫోను తగిలించుకుని కాగితం మీద రాయటం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి గొంతు మీద వేళ్లు పెట్టుకుంది. ఈ పని పోతే ఆ పిల్ల మళ్లీ ఏ వ్యాను కోసం రోడ్డు మీద నిలబడాలో నాకు తెలుసు.

రాసింది పైకి చదవమన్నారు. "అక్కా, యాడుండావు? కరెంటాఫీసు నించి మాట్లాడతా ఉండా. నీ మీటరు పేరు మార్చలేదు, సాయంత్రానికి ఫీజు పీకేస్తారు. లింకు పంపినా, నొక్కు."

వింటుంటే మా ఊరి వాడే నా పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. ప్రొఫెసరమ్మ మాత్రం ముందుకు వంగింది. తిరువళ్లూరులో పుట్టినామె, తెలుగు వింటే తెలుస్తుంది.

"కరెంటాఫీసు అన్నాడా, ఈబీ అన్నాడా?"

"కరెంటాఫీసే మేడం."

"బాగా విను."

మళ్లీ పెట్టారు. కరెంటాఫీసే. ఆమె ఫిన్లాండు ఆమెకు ఇంగ్లీషులో చెప్పింది. మా జిల్లాలో తమిళం మాట్లాడే ఇంట్లోనైనా, తెలుగు మాట్లాడే ఇంట్లోనైనా కరెంటు వాళ్లను అందరూ ఈబీ అనే అంటారు. వీడికి మా మాట వచ్చు గానీ వీడు మా పక్కవాడు కాదు.

అప్పుడు ఫిన్లాండు ఆమె తన దేశం సంగతి చెప్పింది. వాళ్ల భాష మాట్లాడేవాళ్లు కొద్దిమంది. బయటి దొంగలు ఆ భాషలో రాస్తే వ్యాకరణం కుంటేది, ముసలమ్మలు కూడా ఇట్టే పట్టేసేవాళ్లట. ఇప్పుడు యంత్రాలు భాష నేర్చాయి, తప్పులు పోయాయి, ఆ కాపలా కూడా పోయింది. ఎక్కడో ఒక మాట ఇంటిది కానిది మిగులుతుంది, దాన్ని వెతకడమే తన పరిశోధన అంది. "రాసేవాళ్లు సరిదిద్దితే అది కూడా కనిపించదు. ఈమె సరిదిద్దలేదు" అంది.

నోరు తెరవనన్న మాట అక్కడితో తప్పాను. "నేనైతే విద్యుత్ కార్యాలయం అని దిద్దేవాణ్ణి" అన్నాను. ప్రొఫెసరమ్మ ఇంగ్లీషులో చెబితే ఆమె నవ్వి, హైదరాబాదువాళ్లకు కరెంటాఫీసు మామూలు మాటేనా అని అడిగింది. మామూలేనన్నాను. వాళ్లకు వింతగా వినిపించదు. దిద్దితే ఆ ఆనవాలు నా చేతిలో పోయేది, దిద్దకపోతే వాళ్ల చెవిలో పోయేది.

ఒత్తు ఒకటి తప్పుపోయింది. ప్రొఫెసరమ్మ దాన్ని చూపించి, రాయించి, ఆ తర్వాతే చెప్పింది, రేపటి నుంచి నువ్వు నీ సీట్లో కూర్చో అని. హైదరాబాదు మాట మళ్లీ ఎత్తలేదు. పైగా పాత రికార్డింగులన్నీ మళ్లీ తెలుగక్షరాల్లో రాయాలి, ఇద్దరు ముగ్గురిని తయారుచేస్తావా అని మా పిల్లనే అడిగింది. వెంగల్ ఊరి పక్కనుంచి ఇద్దరు ఆడవాళ్లు మర్నాడే చేరారు. ఇంట్లో తెలుగు, చేతిలో తమిళం, మా కథే వాళ్లదీ. ఫిన్లాండు ఆమె వారానికొకసారి వీడియోలో కూర్చుని, వీళ్లు పట్టుకున్న మాటలు తను రాసుకుంటుంది, తను పట్టుకున్నవి వీళ్లకు చెబుతుంది.

సీట్లో కూర్చున్న మొదటి సాయంత్రం మా పిల్ల బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఆ కంప్యూటర్లలో ఇంగ్లీషూ తమిళమూ తప్ప తెలుగు లేదట. నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యలో వదిలేయడం వీళ్లకు కొత్తా అని కలెక్టరుకు అర్జీ రాయడానికి కాగితం తీశాను. ఎన్ని సంవత్సరాలైనా ఇంతేనా, అడిగేవాడు లేడనా అని అరుస్తున్నాను. ఆ పిల్ల నన్ను అరవనిచ్చి, మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లించింది.

"సుమ్మా ఉండు మామా, అర్జీ ఏమొద్దు. పొద్దున పోతానే నేనే అడిగేసినాను. మధ్యానానికంతా పెట్టిచ్చినారు. ఇప్పుడు ఆ వెంగల్ అక్కావాళ్లు దాంట్లోనే అ ఆలు దిద్దుకుంటా ఉండారు."